యంత్రయుగమున క్రిస్మసు పండుగ



ఈ సమయమున నా కంఠధ్వని మీ ఇండ్లలో వినవచ్చుచున్నది. నేను మాత్రము మీ ఇండ్లలో లేను. మీలో కొందఱు రేడియో పెట్టె ముందర కూర్చుండి వినుచుందురు. కొందఱు చేతిలోని ఫోనునుండి వినుచుందురు. నాకు దప్పిక కలిగినచో మీరు మంచినీరు ఈయజాలరు. మీకు సందేహము కలిగినచో నేను వినజాలను. మాట వచ్చినది, మనిషి రాలేదు. ఇది మన కాలపు వింత. ఈ వింతను నిత్యము అనుభవించుచు, ఇది వింత యని తలంచుటయే మనము మానివైచితిమి.

క్రిస్మసు పండుగ చెప్పునది దీనికి సరిగా ఎదురైన సంగతి. ఆ దినమున క్రైస్తవులు స్మరించునది, మాటయే మనిషియై వచ్చెననుట. నేను ఆ మతమున పుట్టినవాడను కాను. చిన్ననాట గురువుల సన్నిధిని కావ్యములును కొంత తర్కమును చదువుకొని, పిమ్మట బడిలో చాల ఏండ్లు పాఠములు చెప్పినవాడను. కావున మతబోధ నా పని కాదు. ఆ విశ్వాసము చరిత్రలో ఏయే వాదములను దాటి వచ్చినదో, యంత్రములు ప్రబలిన ఈ నూఱేండ్లలో దానికెట్టి పరీక్షలు కలిగినవో, అందు మనకందఱకును పనికివచ్చు సంగతి ఏమి కలదో, అంతమాత్రమే మనవి చేసెదను.

క్రీస్తు చరిత్రను చెప్పు సువార్తలు నాలుగు. వానిలో మత్తయి, లూకా అను ఇద్దఱి గ్రంథములందే బేత్లెహేమున శిశువు పుట్టిన కథ కలదు. పశువుల తొట్టియు, రాత్రివేళ మందలను కాయుచున్న గొల్లలును లూకా గ్రంథమున కన్పట్టుదురు. చుక్కను చూచి వచ్చిన తూర్పుదేశపు జ్ఞానులు మత్తయి గ్రంథమున కన్పట్టుదురు. యోహాను గ్రంథమున ఈ కథ లేదు. దానికి మాఱుగా ఆయన తత్త్వమును చెప్పెను. సృష్టికి పూర్వమే దేవునియొద్ద 'లోగోస్' ఉండెననియు, అది దేవుడే యనియు, అదియే రక్తమాంసములు గల మనుష్యుడై మనుష్యుల నడుమ కాపురముండెననియు ఆయన మాటల తాత్పర్యము.

'లోగోస్' అను గ్రీకుపదమునకు మాట, బుద్ధి, క్రమము అను అర్థములు కలవు. లాటినువారు దానిని 'వెర్బుం' అనిరి. మన తెలుగు బైబిలున 'వాక్యము' అని ఉన్నది. శబ్దమే పరతత్త్వమని భర్తృహరి వాక్యపదీయమున ప్రతిపాదించెనని వినియున్న పెద్దలకు ఈ మాట పూర్తిగా క్రొత్త కాదు. శబ్దము ఆకాశముయొక్క గుణమని మన తార్కికులందురు. 1935లో మైసూరున రేడియో కేంద్రము వెలసినప్పుడు దానికి 'ఆకాశవాణి' యని పేరు పెట్టినవారు మన సంప్రదాయమును ఎఱిగియే పెట్టిరి. కాని యోహాను చెప్పినది ఆకాశవాణి కాదు. వాక్కు ఆకాశమున వినబడుటతో నిలిచిపోక, ఒక తల్లి గర్భమున పెరిగి, ఆకలిదప్పులు గల దేహమై పుట్టినదని ఆయన చెప్పెను. క్రైస్తవులు రహస్యమనునది దీనినే.

దీనిని తెలుగున 'మనుష్యావతారము' అని చెప్పుట కలదు. పదము సమీపమైనదే. అయినను భేదము తెలిసికొనవలెను. అవతారమనగా దిగివచ్చుట. మన పురాణములందు భగవంతుడు మత్స్యకూర్మాది రూపములతో పలుమాఱులు దిగివచ్చును. కార్యము తీరిన పిమ్మట ఆ రూపమును ఉపసంహరించుకొనును. క్రైస్తవులు చెప్పునది ఒక్కమాఱే జరిగినది. ఆ దేహము చనిపోయి లేచిన తరువాతను విడువబడలేదని వారి నమ్మకము. ఏది గొప్పదను వాదము నాకక్కఱలేదు. భేదము తెలిసినగాని తరువాతి చరిత్ర బోధపడదు గనుక చెప్పితిని.

మొదటి తరముల క్రైస్తవులలో కొందఱకు క్రీస్తు దేవుడని ఒప్పుకొనుట కష్టము కాలేదు. ఆయనకు నిజమైన శరీరము కలదని ఒప్పుకొనుటయే కష్టమైనది. దేవుడు చెమటపట్టి అలసి నిద్రించుటయా? ఆయన చేతులలో మేకులు దిగుటయా? ఇట్లు సంకోచించి, ఆ శరీరము కన్నులకు తోచినదే కాని నిజముగా ఉన్నది కాదని వారు చెప్పిరి. గ్రీకుభాషలో 'దొకేయిన్' అనగా తోచుట. దానినుండి ఆ మతమునకు 'డొసెటిజము' అను పేరు కలిగినది. మనము దానిని ఆభాసవాదమని చెప్పుకొందము. మన వేదాంతమున ఆ పేరు గల వాదము వేఱు. పేరు మాత్రమే ఎరవు తెచ్చుకొనుచున్నాను.

ఈ ఆభాసవాదమును గట్టిగా ఎదిరించినవారిలో అంతియొకయ పట్టణపు బిషప్పు ఇగ్నేషియసు ముఖ్యుడు. రెండవ శతాబ్ది ఆరంభమున ఆయనను బంధించి, క్రూరమృగములకు వేయుటకై రోమునగరమునకు కొనిపోయిరి. త్రోవలో ఆయన కొన్ని సంఘములకు లేఖలు వ్రాసెను. వానిలో ఆయన చేసిన తర్కము నాకు మిక్కిలి నచ్చినది. క్రీస్తు శరీరమును, ఆయన పడిన బాధయు ఉత్త తోపులే అయినచో, నా ఈ సంకెళ్లును ఉత్త తోపులే కావలెను గదా యని ఆయన అడిగెను. కాళ్లకు ఇనుము తగిలియున్నవాని నోటినుండి ఈ ప్రశ్న వచ్చినప్పుడు దానికి ఉత్తరము చెప్పుట కష్టము. బాధపడువానికి తోపు చాలదు, తోడు కావలెను.

తరువాత వివాదము మఱియొక వైపునకు తిరిగినది. అలెగ్జాండ్రియా నగరపు పురోహితుడు ఆరియసు, క్రీస్తు దేవునిచే సృజింపబడినవాడే కాని దేవునితో సమానుడు కాడని బోధించెను. క్రీ.శ. 325లో కాన్‌స్టంటైను చక్రవర్తి నైకియా పట్టణమున బిషప్పుల మహాసభను కూర్చెను. ఆ సభ ఆరియసు మతమును త్రోసివైచినది. 451లో చాల్సిడను పట్టణమున కూడిన సభ, క్రీస్తు ఒక్క వ్యక్తియే యనియు, ఆయనయందు దైవస్వభావము, మనుష్యస్వభావము రెండును కలిసిపోకయు విడిపోకయు ఉన్నవనియు నిర్ణయించినది. ఈ నిర్ణయమును ఈజిప్టు, సిరియా, అర్మీనియా దేశముల సంఘములలో పెక్కు అంగీకరింపలేదు. ఆ చీలిక నేటికిని పూర్తిగా మానలేదు. అక్షరములకై కొట్లాడిరని నవ్వువారు కలరు. కాని ఆ కొట్లాట వెనుక నున్న ప్రశ్న చిన్నది కాదు. మనకు దగ్గఱగా వచ్చినది దేవుడేనా? వచ్చినది నిజముగా దగ్గఱకేనా? ఈ రెండును నిలువవలెనని వారి పట్టుదల.

పండుగ తేది సంగతియు ఒక మాట. క్రీస్తు పుట్టిన దినము సువార్తలలో చెప్పబడలేదు. రోమునగరమున 354లో సంతరించిన ఒక పంచాంగమున డిసెంబరు 25 ఆయన జన్మదినముగా కన్పట్టుచున్నది. అందలి లెక్కలనుబట్టి 336 నాటికే ఆ పండుగ రోమున జరుగుచుండెనని చరిత్రకారులు తలంతురు. అర్మీనియా సంఘమువారు నేటికిని జనవరి 6వ తేదినే జన్మోత్సవము చేసికొందురు.

పండితుల సభలు సిద్ధాంతమును నిలిపినవి. కాని పల్లెవాని కన్నులకు ఆ సిద్ధాంతమును కట్టినట్లు చూపినవాడు ఒక బైరాగి. ఆయన ఇటలీదేశపు అస్సీసి ఫ్రాన్సిసు. ధనికుడైన బట్టల వర్తకుని కుమారుడై పుట్టి, సర్వమును విడిచి భిక్షాటనము చేసినవాడు. 1223లో గ్రేచ్చో అను కొండపల్లెలో క్రిస్మసు జరుపదలచి, పండుగకు పదునైదు దినములు ముందుగా యోహాను అను ఆ ఊరి గృహస్థునకు ఒక కోరిక తెలిపెను. శిశువు పడిన ఇబ్బందిని, తొట్టిలో గడ్డిపై పరుండిన తీరును, ఎద్దు గాడిదల నడుమ ఉన్న విధమును నా ఈ కన్నులతో చూడవలెనని ఉన్నదని చెప్పెను. ఆయన కోరినట్లే తొట్టి, ఎండుగడ్డి, ఎద్దు, గాడిద సిద్ధమైనవి. చుట్టుప్రక్కల పల్లెలవారు దివిటీలతో కొండకు వచ్చిరి. తొట్టియొద్ద పూజ జరిగెను. ఫ్రాన్సిసు తానే సువార్తను గానము చేసి, ప్రజలకు ఉపదేశించెను.

ఆయన చరిత్రను మొదట వ్రాసిన చెలానో తోమాసు ఇంకొక సంగతి చెప్పెను. ఆ తొట్టిలోని గడ్డిని జనులు దాచుకొని, రోగములు తగిలిన పశువులకు తినిపింపగా అవి కోలుకొనెనట. నమ్ముట, నమ్మకపోవుట మీ ఇష్టము. నేను గమనించినది వేఱు. మహాసభలు తర్కించిన మహాతత్త్వము ఆ పల్లెకు వచ్చుసరికి పశువుల మేతయైనది. రైతు చేతితో తాకదగినదైనది. నేడు క్రైస్తవుల ఇండ్లలోను మందిరములలోను డిసెంబరు నెలలో కట్టు పశువులపాక బొమ్మలకు ఆ గ్రేచ్చో రాత్రి ఒక ముఖ్యమైన మూలము.

ఇక యంత్రయుగమునకు వచ్చెదము. యంత్రమనగా ముందుగా దూరమును జయించినది. దూరమును జయించుటలో మొదటి ఫలము వార్త కావచ్చును, రెండవది ఫిరంగి. మనిషి ముఖము చూడకయే మనిషిని చంపుట ఇరువదియవ శతాబ్దికి సులభమైనది. 1914 జూలైలో ఆరంభమైన ఐరోపా మహాయుద్ధమున సైనికులు కందకములు త్రవ్వుకొని అందు దాగి, ఎదుటి కందకములలోని వారిని మఱతుపాకులతో కాల్చుచుండిరి. మన భారతీయ సైనికులును ఆ చలిలో, ఆ బురదలో ఉండిరి. డిసెంబరు 7వ తేదిని పోపు పదునైదవ బెనెడిక్టు, పండుగనాటికైనను ఫిరంగులు నిలుపుడని రాజులను వేడుకొనెను. రాజులు వినలేదు.

రాజులు వినని మాటను సిపాయిలు కొంతవఱకు విన్నారు. ఫ్లాండర్సు ప్రాంతమున పెక్కు చోట్ల క్రిస్మసు ముందటి రాత్రి జర్మను సైనికులు తమ కందకముల గట్లపై చిన్న చెట్లకు దీపములు పెట్టి పాటలు పాడిరి. ఎదుటనున్న ఇంగ్లీషువారును పాడిరి. తెల్లవాఱిన తరువాత ఆయుధములు విడిచి, రెండు పక్షములవారును బయటికి వచ్చి, నడుమనున్న భూమిలో కలిసికొనిరి. చేతులు కలిపిరి. పొగాకు, గుండీలు ఇచ్చిపుచ్చుకొనిరి. అచట పడియున్న మృతులను పాతిపెట్టుకొనిరి. అన్ని చోట్ల ఇట్లు జరుగలేదు. కొన్ని చోట్ల ఆ దినమునను కాల్పులు జరిగినవి, మనుష్యులు చచ్చిరి. తరువాతి సంవత్సరమున ఇట్టి కలయికలు జరుగరాదని సేనాధిపతులు కఠినముగా ఆజ్ఞాపించిరి. ఎందులకు? శత్రువు దూరమున నున్నంతవఱకే శత్రువు. దగ్గఱకు వచ్చి చేయి పట్టుకొన్నచో అతడు తల్లిగల బిడ్డ. యుద్ధయంత్రమునకు ఆభాసమే కావలెను, దేహము పనికిరాదు.

ఆ యుద్ధమున సైన్యమునకు పురోహితుడుగా పనిచేసి వచ్చిన ఎరిక్ మిల్నర్-వైటు, కేంబ్రిడ్జి కింగ్సు కాలేజి మందిరమునకు డీను అయ్యెను. యుద్ధము ముగిసిన ఆఱు వారములకు, 1918 డిసెంబరు 24న, ఆయన ఒక క్రొత్త ప్రార్థనాక్రమమును అచట నెలకొల్పెను. దానిని తొమ్మిది పాఠముల ఉత్సవమందురు. ట్రూరో పట్టణమున 1880లో జరిగిన క్రమము దీనికి మాతృక. గ్రంథమునుండి తొమ్మిది పాఠములు చదువుదురు. నడుమనడుమ పాటలు పాడుదురు. మొదటి పాఠము ఆదాము చేసిన తప్పుతో మొదలగును. తొమ్మిదవది నేను ముందు చెప్పిన యోహాను తత్త్వము.

1928లో ఆ ఉత్సవమును రేడియోలో ప్రసారము చేసిరి. 1930 ఒక్కటి తప్ప అది మొదలు ఏటేట ప్రసారమగుచునే యున్నది. రెండవ మహాయుద్ధకాలమున ఆ మందిరపు రంగుటద్దములను భద్రపఱచుటకై విప్పివైచిరి. లోపల చలి కాచుకొనుటకు వేడిమి లేదు. శత్రువునకు ఆనవాలు తెలియకుండుటకై ప్రసారమున కాలేజి పేరైనను చెప్పలేదు. అయినను పాట ఆగలేదు. యుద్ధభూములలోను ఆసుపత్రులలోను ఉన్నవారు ఆ పాటను వినగలిగిరి. మందిరమునకు నడిచి రాలేనివానియొద్దకు మందిరపు పాటయే నడిచి వెళ్లినది. రేడియో చేసిన ఈ ఉపకారమును తక్కువ చేయరాదు. కదలలేని రోగికి కంఠస్వరమే కరుణ.

అయితే ఆ కాలమునందే కంఠస్వరముయొక్క కొఱతయు బయటపడినది. 1932 డిసెంబరు 25న ఇంగ్లండు రాజు అయిదవ జార్జి, సాండ్రింగుహాములోని తన ఇంటనుండి సామ్రాజ్యప్రజలందఱకును రేడియోలో క్రిస్మసు శుభాకాంక్షలు తెలిపెను. రాజు నోటినుండి అట్టి మాటలు రేడియోలో వెలువడుట అదే మొదలు. మంచుచేతను ఎడారులచేతను సముద్రములచేతను వేఱుపడియున్న ప్రజలను ఉద్దేశించి పలికిన పలుకులవి. ఆ పలుకులను వ్రాసి యిచ్చినవాడు బొంబాయిలో పుట్టిన రడ్యర్డు కిప్లింగు. వాక్కు ఒకరిది, కంఠము వేఱొకరిది, వినువారు ఎచటనో. నాడు మన దేశము ఆ రాజు పాలనలోనిదే. ఆయన మాటలాడిన ఆ దినమున గాంధీ మహాత్ముడు యెరవాడ చెఱసాలలో ఉండెను. సముద్రములు దాటిన రాజకంఠము చెఱసాల గోడను దాటలేదు. దాటినను ప్రయోజనమేమి? ఇగ్నేషియసు చెప్పినట్లు సంకెల తగిలినవానికి కావలసినది స్వరము కాదు.

ఇచట బేత్లెహేము కథను ప్రక్కన పెట్టి చూడుడు. లూకా ఆ కథను అగస్టసు చక్రవర్తి ఆజ్ఞతో ఆరంభించెను. ప్రజలందఱు పేర్లు వ్రాయించుకొనవలెనని రోమునుండి ఆజ్ఞ వచ్చినది. చక్రవర్తి రాలేదు, ఆయన ఉత్తరువు వచ్చినది. దాని మూలమున నిండుచూలాలు ప్రయాణము చేయవలసి వచ్చినది. సత్రమున చోటు దొరకలేదు. ఉత్తరువు దూరమునుండి వచ్చుచుండగా, దేవుడు దూరమునుండి ఉత్తరువు పంపక తానే ఆ బాటసారుల బిడ్డయై వచ్చెనని లూకా కథయొక్క సారము. ఏలువాడు ఏలబడువాని చోటికి వచ్చుట అందలి విశేషము. మతము ఏదైనను ఏలికలందఱు ఆలోచింపదగిన సంగతి ఇది.

యంత్రము చేసిన గొప్ప ప్రయాణము ఒకటి క్రిస్మసునాడే తటస్థించినది. 1968 డిసెంబరు 24న అమెరికావారి అపోలో 8 నౌకలో బోర్మను, లోవెలు, ఆండర్సు అను ముగ్గురు చంద్రుని చుట్టు తిరిగిరి. మనుష్యులు చంద్రునియొద్దకు పోవుట అదే మొదలు. ఆ రాత్రి వారు ఆదికాండమున సృష్టిని వర్ణించు మొదటి పది వచనములను చదివి భూలోకవాసులకు వినిపించిరి. ఆ కాండమును, యోహాను సువార్తయు ఒక్క మాటతోనే, 'ఆదియందు' అను మాటతోనే మొదలగుట గమనింపదగినది. సుమారు 3,77,000 కిలోమీటరుల దూరమునుండి వారి స్వరము ఒకటింబావు సెకండులో భూమిని చేరినది. మానవవాక్కు అంత దూరమునుండి వినబడుట అంతకుముందు లేదు.

కాని ఆ నౌక చంద్రుని వెనుకకు పోయినప్పుడెల్ల స్వరము తెగిపోవుచుండెను. తిరుగుప్రయాణమునకు ఇంజనును మండింపవలసినది చంద్రుని వెనుకనే. అది మండనిచో ముగ్గురును చంద్రుని చుట్టునే తిరుగుచు చనిపోవలసినవారే. డిసెంబరు 25న భూమిపై నున్నవారు ఊపిరి బిగబట్టి కూర్చుండిరి. నౌక ఇవతలికి వచ్చి స్వరము మరల వినబడినది. 27వ తేదిని వారు పసిఫిక్ మహాసముద్రమున దిగిరి. ఇందు మనము నేర్చుకొనవలసినది ఇది. స్వరము వచ్చినందులకు లోకము సంతోషించినది నిజమే. కాని వారి ఇండ్లవారు ఎదురుచూచినది స్వరమునకు కాదు. మూడు ప్రాణములు దేహములతో ఇల్లు చేరుటకు.

పిమ్మట 2020 వచ్చినది. కరోనా మహమ్మారిచేత ఆ ఏటి క్రిస్మసునాడు అనేక దేశములలో మందిరములు మూతపడినవి. కొన్నిట కొలదిమందినే రానిచ్చిరి. కింగ్సు కాలేజి మందిరమున జనసమూహము లేకయే పాటలు పాడిరి. కోట్లమంది తెఱపై పూజను చూచిరి. పాట వచ్చినది, ఉపదేశము వచ్చినది. ప్రసాదము మాత్రము రాలేదు. క్రీస్తు శరీరమని వారు భావించు రొట్టెముక్కను తీగ మోసికొని రాజాలదు. ఇంటర్నెట్టు ద్వారా సంస్కారములు జరుగవని రోమను కతోలిక సంఘము 2002లోనే ఒక పత్రమున తెలిపియుండెను. పదునెనిమిదేండ్ల తరువాత ఆ వాక్యముయొక్క బరువు భక్తులకు తెలిసివచ్చినది. ఇగ్నేషియసు నాటి ప్రశ్నయే క్రొత్త వేషముతో తిరిగి వచ్చినది. తెఱపై తోచినది చాలునా? తాకదగినది కావలెనా?

ఆ ప్రశ్న క్రైస్తవులది మాత్రమే కాదు. ఆ మహమ్మారి దినములలో మా ఊరి వృద్ధుడొకడు మంచము పట్టెను. కుమారుడు సముద్రమునకు ఆవల ఉండెను. రాకపోకలు నిలిచిపోయినవి. ఇరుగుపొరుగువారు ఫోనును ముసలివాని ముఖమునెదుట పట్టిరి. కుమారుని ముఖము కనబడెను, మాట వినబడెను. ముసలివాడు "నీ చేయి ఇట్లీరా నాయనా" యని గాజుపలకపై తన చేతిని ఆనించెను. ఆవల కుమారుడును అట్లే ఆనించియుండును. నడుమ గాజు మాత్రమే మిగిలినది. ఆ యంత్రము లేనియెడల తండ్రి ఆ ముఖమునైనను చూడకయే పోయెడివాడు. కావున దానిని నిందింపజాలను. కాని ఆ చేయి వెదకినది గాజును కాదు.

రామచంద్రుడు పసివాడై చందమామ కావలెనని మారాము చేయగా అద్దములో చందమామను చూపి ఊరడించిరని మన ఆడవారు చెప్పుకొను కథ కలదు. పసివానికి అద్దము చాలినది. పెద్దవానికి చాలదు. నేటి యంత్రములు మనుష్యుడు లేకయే మనుష్యుని కంఠమును పుట్టించుచున్నవి. చనిపోయినవారి స్వరమును అనుకరించుచున్నవి. అద్దములు పెరిగినవి, చందమామ దగ్గఱకు రాలేదు. ఆభాసవాదులు క్రీస్తు విషయమున చెప్పినదానిని మనము మన బంధువుల విషయమున ఆచరించుచున్నామేమో యని నా భయము.

క్రిస్మసు రహస్యమును నమ్మువారు నమ్ముదురు, నమ్మనివారు నమ్మరు. కాని చరిత్ర నాకు చూపినది ఇది. ఆ మతము తన రెండువేల ఏండ్ల జీవితమున ఎన్ని వాదములకు లోబడినను, దేహము అక్కఱలేదను వాదమునకు మాత్రము లోబడలేదు. దేవుడంతటివాడు మాట పంపి ఊరకుండక మనిషియై రావలసి వచ్చెనని అది ఏటేట పసిబిడ్డను ఎదుట పెట్టి చెప్పుచున్నది. అంతటివానికే మాట చాలనప్పుడు మనకు చాలునా?

కావున పెద్దలారా, మీ ఊరి క్రైస్తవుల ఇంటిపై కాగితపు నక్షత్రము వ్రేలాడుట చూచినప్పుడు ఈ చరిత్రను ఒకింత తలంచుకొనుడు. ఫోనులో శుభాకాంక్షలు పంపుట మంచిదే. ఆ ఇంటి గడపవఱకు నడిచి వెళ్లుట మంచిదానికంటె మంచిది. దూరముననున్న మీ బిడ్డలు ఫోనులో మాటలాడినప్పుడు సంతోషింపుడు. ఏటికి ఒకమాఱైనను వచ్చి మీ ప్రక్కన కూర్చుండుమని చెప్పుటకు మొగమాటపడకుడు. మంచము పట్టిన పొరుగువానికి రేడియో పెట్టి ఇచ్చినవారు, ఆ రేడియో ప్రక్కన ఒక గడియ తామును కూర్చుండవలెను.

నా ప్రసంగకాలము ముగియవచ్చినది. ఇంతసేపు నేను మీకు కంఠము మాత్రమే. ఈ కంఠము ఆగిన తరువాత మీలో ఒక్కరైనను లేచి, వెళ్లవలసిన ఒక ఇంటికి వెళ్లినచో, నా మాటకును కాళ్లు వచ్చినవని సంతోషింతును.

స్వస్తి.